ఇరవై నిమిషాల వెలుతురు

"కొవ్వొత్తి పెట్టి ఎనిమిది రోజులైంది. ఆగకుండా ఇరవై నిమిషాలు వెలుతురు పడితే అంటుకోవాలి. ఇంతవరకూ అంటుకోలేదు. కారణం చెప్పు."

కీవ్‌లో ఒక పళ్ళ క్లినిక్ పై అంతస్తులో ఉంది గూఢచారి శాఖ ఏడో విభాగం ఆఫీసు. కర్నల్ నెచిపొరెంకో ఆ కాగితాన్ని బల్ల మీదుగా మేజర్ యరేమా కొత్సూబా వైపు తోశాడు. సరిహద్దు అవతలి ముఠా ఇవతల ఉన్న తన ఏజెంటుకి పంపిన సందేశం అది. మనవాళ్ళ చెవిన పడింది నిన్ననే. ఆ ఏజెంటు ఎవరో తెలియదు. సందేశం చేరిన ఊరు మాత్రం తెలుసు: వెర్బోలోజ్.

కర్నల్ మాటల్ని పొదుపుగా వాడే మనిషి. కొవ్వొత్తి అంటే నిప్పు బాంబు అన్నాడు. ఆ ప్రాంతంలో రేడియో సిగ్నళ్ళన్నీ మన సైన్యం నొక్కేస్తోంది కాబట్టి దూరం నుంచి పేల్చే వీల్లేదు. టైమర్ పెడదామంటే సైరన్ మోగినప్పుడల్లా ప్రతి కార్యక్రమమూ గంటో రెండు గంటలో వెనక్కి జరుగుతుంది. అందుకని వెలుతురుతో పనిచేసే బాంబు తయారుచేశారు. దీపం ఇరవై నిమిషాలు వెలిగిందంటే లోపల జనం ఉన్నట్టే. మధ్యలో చీకటి పడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. వచ్చే శనివారం వెర్బోలోజ్‌లో ఊరి పండుగ.

ఆ ఊళ్ళో చూడదగ్గవి మూడే. నాలుగు వందల ఏళ్ళ కోటలో మిగిలిన ఒకే ఒక్క బురుజు, ఒక్క మేకు కూడా కొట్టకుండా కట్టిన చెక్క చర్చి, పాత జమీందారు ఇంట్లో పెట్టిన మ్యూజియం. వాటిలో దేన్ని తగలబెట్టబోతున్నారని యరేమా అడిగాడు.

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?" అన్నాడు కర్నల్.

అక్కడ మన మనిషి ఒకామె ఉంది. కోడ్ పేరు కోకిల. రెండేళ్ళుగా శత్రు ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేస్తోంది. అసలు పేరు ఎమీలియా ద్రజాన్. వియన్నాలోని ఒక సంస్థ తరఫున పాత కట్టడాలు బాగుచేయించే నిపుణురాలిగా వెర్బోలోజ్‌లో మకాం వేసింది. యరేమా ఆమెను కలవాలి, నిప్పు ఎక్కడుందో పట్టుకోవాలి, శనివారం లోపు ఆర్పాలి. అతని వేషం సెలవు మీద వచ్చిన విన్నిత్సా పళ్ళ డాక్టరు. కింది క్లినిక్‌వాళ్ళు ఒక పాత సంచీ ఇచ్చారు. అందులో పంటి అద్దానికి కెమెరా అమర్చి ఉంది. పన్ను తొలిచే డ్రిల్లు తాళాలు కూడా తొలుస్తుంది.

*

పళ్ళ డాక్టరు వేషం ఎవరి ఆలోచనో కానీ, వెర్బోలోజ్ గురించి వాళ్ళకి బొత్తిగా తెలియదు. ఆ ఊళ్ళో పళ్ళ డాక్టరు సైన్యంలో చేరి ఏడాదైంది. గురువారం పొద్దున్న బస్సు దిగిన గంటకల్లా కబురు ఊరంతా పాకింది. హోటల్లో గది తాళం ఇచ్చినామె నోరు తెరిచి పై దవడ చూపించింది. చెర్రీపళ్ళు కూరిన వరేనికి కుడుములు వడ్డించినతను ప్లేటు పెట్టి, కింద ఎడమవైపు చివరి పన్ను సంగతి ఎత్తాడు. యరేమా అందరి నోళ్ళలోకీ గంభీరంగా చూసి, ఉప్పు నీళ్ళు పుక్కిలించమని చెప్పి బయటపడ్డాడు.

మధ్యాహ్నం బురుజు మెట్ల మీద ఎమీలియా కనబడింది. గోధుమరంగు కోటు, పొడవాటి మడమల బూట్లు, వేళ్ళకి సన్నటి తోలు గ్లవుజులు. నలభై ఏళ్ళుంటాయి. ఆమె మెట్లెక్కుతుంటే కింద పూలమ్మే ముసలాయన దండ కట్టడం మర్చిపోయాడు.

"ఈ బురుజుకి మెట్లెన్నండీ?" అని అడిగాడు యరేమా.

"ఎక్కేటప్పుడు నలభై ఒకటి. దిగేటప్పుడు నలభై" అందామె. కోడ్ సరిపోయింది.

గాలి హోరులో పక్కపక్కన నిలబడి, కింద నదిని చూస్తున్నట్టు నటిస్తూ మాట్లాడుకున్నారు. నిప్పు చర్చిలో పెట్టారని తనకి నమ్మకంగా తెలిసిందని ఆమె చెప్పింది. చెక్క చర్చి, శనివారం ప్రార్థన, రెండు వందల మంది. ముఠా ఇంతకన్నా ఏం కోరుకుంటుంది? ఎక్కడ దాచారో మాత్రం తనకి చెప్పలేదంది. మ్యూజియం సంగతి యరేమా అడిగాడు. దాన్ని అంగుళం అంగుళం తనే వెతికానని, అక్కడి కొత్త అద్దాల పెట్టె కూడా తన సంస్థే చేయించి ఇచ్చిందని చెప్పి, మీరు అక్కడ సమయం వృథా చేసుకోవద్దంది.

అయినా యరేమా వెళ్ళాడు. వెళ్ళకపోతే పళ్ళ డాక్టరు సెలవుకి అర్థం ఉండదు.

మ్యూజియం డైరెక్టరు కూడా యుద్ధానికి వెళ్ళాడు. తాళాలు పరాస్కా హ్రిహోరివ్నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆమెకి డెబ్బై నాలుగేళ్ళు. నలభై ఒక్క ఏళ్ళుగా అదే హాల్లో అదే కుర్చీలో కాపలా కూర్చుంటోంది. ఊరంతా ఆమెని పిన్ని అంటారు. యరేమా లోపలికి అడుగుపెట్టగానే బూట్ల మీద తొడుక్కోమని పెద్ద ఎర్ర ఉన్ని చెప్పులు ఇచ్చింది. నేల పాడవుతుందట. తర్వాత తన బుగ్గ లాగి పన్ను చూపించింది. ఆ రెండూ అయ్యాక లోపలి హాలు తలుపు తెరిచి, మెడలోని తాళంచెవితో గోడ మీది ఇనప పెట్టె తీసి, స్విచ్ నొక్కింది.

యరేమా ఆగిపోయాడు. గోడల నిండా తువ్వాళ్ళు. తెల్లటి నార మీద ఎర్ర దారంతో కుట్టినవి. పుట్టిన బిడ్డని పొదివి పట్టినవి, పెళ్ళిలో కాళ్ళ కింద పరిచినవి, శవపేటికని గోతిలోకి దించినవి. ఒక్కో ఊరిది ఒక్కో కుట్టు. మధ్యలో ఎమీలియా సంస్థ ఇచ్చిన కొత్త అద్దాల పెట్టె, దాని కింద నల్లటి చెక్క పీఠం. అందులో పందొమ్మిది తువ్వాళ్ళు విడిగా ఉన్నాయి. ఆ పందొమ్మిది ఊళ్ళూ ఇప్పుడు లేవు. ఫిరంగులు వాటిని నేలమట్టం చేశాయి. ఇళ్ళు లేవు, చర్చిల్లేవు, సమాధుల మీద శిలువలు కూడా లేవు. ఆ ఊళ్ళు ఉండేవని చెప్పడానికి మిగిలింది ఈ గుడ్డలే.

"ఇది మా అమ్మ కుట్టింది" అంది పరాస్కా, ఆ పెట్టెలో ఒక మూలనున్న తువ్వాలు చూపించి. "సుఖీ యార్. మా ఊరు. పశ్చిమానికి పంపించేయమ్మా, భద్రంగా ఉంటాయని చెప్పారు అందరూ. నేను పంపలేదు. ఎందుకు పంపాలి? ఇవి మా ఇంట్లో ఉన్నాయి. దొంగ వస్తాడని ఇల్లు వదిలిపోతామా?"

యరేమా రెండో గోడ దగ్గర వంగి ఒక కోడిపుంజు బొమ్మ చూస్తూండగానే హాలంతా చీకటైంది. పరాస్కా స్విచ్ ఆర్పేసింది. తను ఇంకా లోపలే ఉన్నానని అతను మొత్తుకున్నాడు. ఎనిమిది నిమిషాలు చూశావుగా, చాలు, ఎక్కువసేపు వెలుతురు పడితే ఎరుపు వెలిసిపోతుంది అందామె. అందుకే కిటికీలకి కూడా చెక్కలు కొట్టించిందట. యరేమా నవ్వుకుంటూ, తడుముకుంటూ బయటికొచ్చాడు. ప్రతిదీ గమనించమని పదిహేనేళ్ళు నేర్పిన విభాగం మనిషి. దీన్ని కూడా గమనించాడు, ముసలామె చాదస్తం అనుకున్నాడు, మర్చిపోయాడు.

*

శుక్రవారమంతా చర్చిలోనే గడిచింది. కీవ్ నుంచి ఇద్దరు బాంబు నిపుణులు పాటగాళ్ళ వేషంలో దిగారు. ఇద్దరిలో పెద్దవాడు సవా. అతనికి పాట రాదు, కానీ కుట్టుపని చొక్కా బాగా నప్పింది. బలిపీఠం వెనక, గంట గోపురంలో, పాటగాళ్ళ అరుగు కింద అంగుళం వదలకుండా వెతికారు. ఎలకల గూళ్ళు దొరికాయి. ఎప్పుడో పోయిన వెండి గరిటె ఒకటి దొరికింది. బాంబు దొరకలేదు.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి సైరన్ మోగింది. పండుగ పదకొండుకి వాయిదా పడింది. అప్పటికే నాలుగు బస్సుల్లో జనం దిగారు. ఇల్లు పోయి ఎక్కడెక్కడో తలదాచుకుంటున్న పందొమ్మిది ఊళ్ళవాళ్ళు. వాళ్ళు వచ్చేది ఊరేగింపు కోసం కాదు, తువ్వాళ్ళ కోసం.

యరేమా చర్చి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక పలక కింద పంటి అద్దం దూర్చి చూస్తున్నాడు. పైన గంట పదకొండు కొట్టింది. పూజారి ఒనుఫ్రీ లావుపాటి మనిషి, ఓపిక తక్కువ. రెండు రోజులుగా తన నేలని ఊడబీకుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. ఇక ఉండబట్టలేక, అసలు మీ నిప్పు ఎలా అంటుకుంటుందో అదైనా చెప్పమన్నాడు. యరేమా చెప్పేశాడు.

ఫాదర్ ఒనుఫ్రీ అతన్ని జాలిగా చూశాడు. ఇక్కడ పొద్దున్న ఐదింటికి వెలిగించిన కొవ్వొత్తులు రాత్రి దాకా వెలుగుతాయి, అదీగాక పన్నెండు కిటికీలున్నాయి అన్నాడు. నీ బాంబు ఇక్కడే ఉంటే మొదటి రోజే నేనూ చర్చీ బూడిదయ్యేవాళ్ళం కదా నాయనా అన్నాడు. బురుజుకైతే పైకప్పే లేదని గుర్తుచేశాడు.

యరేమా లేచి నిలబడ్డాడు. ఎనిమిది రోజులు. వెలుతురు ఇరవై నిమిషాలు నిలవని చోటు.

"ఫాదర్, ఈ ఊళ్ళో దీపం ఇరవై నిమిషాలు వెలగని చోటు ఉందా?"

ఆయన ఫక్కున నవ్వాడు. "పరాస్కా పిన్ని హాలు. బిషప్ గారొచ్చినా ఆరు నిమిషాలే. చీకట్లో గోడకి గుద్దుకుని ఆయన నుదుటి మీద ఇంత బొప్పి కట్టింది."

మ్యూజియాన్ని అంగుళం అంగుళం వెతికానన్నది ఎవరో యరేమాకి అప్పుడు గుర్తొచ్చింది. అద్దాల పెట్టె ఎవరు చేయించి ఇచ్చారో కూడా గుర్తొచ్చింది. రెండేళ్ళు కోకిల పంపిన కబుర్లన్నీ నిజమైన చిన్న కబుర్లు. ఈ ఒక్క పెద్ద అబద్ధం కోసం. అతను రెండో నిపుణుణ్ణి ఊరు దాటే వంతెన మూయించడానికి పరుగెత్తమని, సవాని తన వెనకే రమ్మని చెప్పి, చర్చి మెట్లు మూడేసి చొప్పున దూకాడు.

సంతలో జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. పన్ను చూపించడానికి ఆపబోయిన ఒకాయన్ని పక్కకి నెట్టాడు. మ్యూజియం గుమ్మంలో టిక్కెట్లు చించే అమ్మాయి, గంట పదకొండు కొట్టగానే అందరూ లోపలికెళ్ళారని, వియన్నా మేడమ్ ఇందాకే హడావిడిగా వెళ్ళిపోయిందని చెప్పింది. గోడ గడియారంలో పదకొండూ పద్దెనిమిది దాటింది.

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, తన ఊరి తువ్వాలు ముందు నిలబడ్డాడు. ఒకామె కొత్త పెట్టె అద్దానికి నుదురు ఆనించి ఏడుస్తోంది. పరాస్కా ఇనప పెట్టె పక్కన తన కుర్చీలో కూర్చుని ఉంది. స్విచ్ పెట్టెకి తాళం వేసి ఉంది.

యరేమా ఆమె పక్కన వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "పిన్నీ, దీపం ఆర్పెయ్యి."

"ఇవాళ ఆర్పను డాక్టరుగారూ."

"ఎరుపు వెలిసిపోతుంది."

"వెలవనీ." ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నలభై ఒక్క ఏళ్ళు అందరి మొహాల మీదా ఆర్పాను. వీళ్ళకి చూసుకోడానికి ఇల్లు లేదు, వీధి లేదు. ఈ ఒక్క పూట కడుపునిండా చూసుకోనీ. నువ్వే కాదు, మంత్రిగారొచ్చి చెప్పినా ఆర్పను."

ఆమెని ప్రేమించకుండా ఉండటం కష్టం. ఆ క్షణంలో ఆమె గొంతు పిసకకుండా ఉండటమూ కష్టమే. గట్టిగా చెబితే అరవై మంది ఒక్క తలుపు మీద పడతారు. డ్రిల్లుతో తాళం తొలవాలంటే రెండు నిమిషాలు కావాలి. అతని దగ్గర ఒకటి కూడా లేదు. చెవి దగ్గరికి వంగాడు.

"నేను పళ్ళ డాక్టర్ని కాను. కీవ్ నుంచి వచ్చాను. ఆ కొత్త పెట్టె పీఠంలో నిప్పు పెట్టారు. వెలుతురుకి అంటుకుంటుంది. ఇంకో నిమిషం వెలిగితే నీ తువ్వాళ్ళూ ఉండవు, వీళ్ళూ ఉండరు."

పరాస్కా అతని మొహంలోకి చూసింది. అరవలేదు. నిజమా అని కూడా అడగలేదు. మెడలోని తాడు లాగింది. తాళంచెవి జాకెట్టు గుండీకి చిక్కుకుంది. గుండీ తెంపేసింది. తాళం బిగిసింది, రెండోసారి తిరిగింది. ఆమె స్విచ్ నొక్కింది.

చిమ్మచీకటి.

ఎవరో జేబులోంచి ఫోను తీస్తున్న చప్పుడైంది.

"ఫోను తియ్యొద్దు" అంది పరాస్కా. గొంతు పెంచలేదు కానీ హాలు మొత్తానికి వినబడింది. "ఎవరూ దీపం వెలిగించొద్దు. అగ్గిపుల్ల కూడా గియ్యొద్దు. చీకటి మనకేమన్నా కొత్తా? నా హాలు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ముందున్నవాళ్ళ భుజం మీద చెయ్యి వెయ్యండి. నేను ఊరి పేరు పిలిస్తే ఆ ఊరివాళ్ళు పలికి, నా గొంతు వైపు కదలండి. తెర్నుష్కా."

చీకట్లోంచి ఒక ఆడగొంతు కొంచెం తడబడుతూ పలికింది. "ఉన్నాం."

"లోబోదీవ్కా."

"ఉన్నాం."

"మలా దిబ్రోవా."

"ఉన్నాం." ఈసారి నలుగురైదుగురు ఒక్కసారే అన్నారు, గట్టిగా.

ఆమె అద్దాల పెట్టెలో తువ్వాళ్ళు ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే పిలిచింది. ఉన్ని చెప్పులు నేల మీద జారుతూ తలుపు వైపు కదిలాయి. గొంతులు ఊరు ఊరుకీ గట్టిపడ్డాయి. తర్వాతి పేరు వినగానే చీకట్లో ఒక ముసలాయన సైనికుడిలా అరిచి పలికాడు. ఈలోగా సవా నేల మీద పాకుతూ వచ్చి పీఠం అడుగున వేళ్ళతో తడుముతూ మరలు విప్పుతున్నాడు. యరేమా అతని సంచీ పట్టుకుని కూర్చున్నాడు.

పద్దెనిమిది ఊళ్ళయ్యాయి. చివరగా "సుఖీ యార్" అంది పరాస్కా. ఎవరూ పలకలేదు. ఆ ఊరి నుంచి ఎవరూ రాలేదు, రావడానికి ఎవరూ మిగల్లేదు.

"ఉన్నాం" అంది పరాస్కా తనే. అందరికన్నా చివర బయటికి నడిచింది.

పది నిమిషాల తర్వాత సవా చేతుల్లో వెలుతురుని పసిగట్టే అగ్గిపెట్టెంత కన్ను, దాని వెనక రొట్టె అంత మందు ముద్ద ఉన్నాయి. ఆ కంట్లో నమోదైన చివరి లెక్కని తర్వాత ల్యాబ్‌లో చూశారు. పందొమ్మిది నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు.

*

యరేమా వంతెన దగ్గరికి చేరేసరికి ఎమీలియా కారు అప్పటికే ఆగి ఉంది. అయితే ఆపింది ఏడో విభాగం కాదు. వంతెన కాపలా ఉండే ఇద్దరు పెన్షనర్లు.

ఆమె కాగితాల్లో వాళ్ళకి ఏ లోపమూ దొరకలేదు. వియన్నా పాస్‌పోర్టు, గవర్నర్ ఇచ్చిన అనుమతి, అన్నీ ఉన్నాయి. కారు డిక్కీ చూపించమంటే ఆమె చిరునవ్వుతో దిగింది. అప్పుడు కనబడ్డాయి కాళ్ళు. పొడవాటి మడమల బూట్ల మీద రెండు పెద్ద ఎర్ర ఉన్ని చెప్పులు. పదిహేను నిమిషాలు మేయర్‌తో కబుర్లలో ఇరుక్కుపోయి, గడియారం చూసుకుని, చెప్పులు విప్పడం మర్చిపోయి పరుగెత్తింది.

ఇద్దరు పెన్షనర్లూ మొహమొహాలు చూసుకున్నారు. మ్యూజియం చెప్పులతో ఊరు దాటిన మనిషిని వాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పరాస్కా పిన్ని చూస్తే ఊరుకోదు, ముందు అవి వెనక్కిచ్చి రమ్మని పట్టుబట్టారు. డబ్బిస్తానంటే వాళ్ళకి అనుమానం మొదలైంది. ఆమె గొంతు పెంచి అరిస్తే కారు తాళాలు లాక్కున్నారు. రెండో నిపుణుడు రొప్పుతూ వచ్చేసరికి వాళ్ళు ఆమెకి చెప్పుల విలువ గురించి క్లాసు తీసుకుంటున్నారు.

యరేమాని చూడగానే తన గుట్టు బయటపడిందని ఎమీలియాకి అర్థమైంది. పొగ ఎందుకు లేవలేదో అర్థం కాలేదు. హాలు వైరింగు, గాలిలో తేమ, గోడల మందం, సైరన్ల వేళలు అన్నీ లెక్కేసింది. కుర్చీలో కూర్చునే ముసలామెని లెక్కలోకి తీసుకోలేదు. ఇన్నాళ్ళూ ఆమెకి రోజూ నమస్కారం పెట్టి కూడా, దీపం ఎంతసేపు వెలిగిస్తావని ఒక్కసారి అడగలేదు. అదంతా యరేమా చెప్పాక భుజాలు ఎగరేసింది.

"వంద గుడ్డపీలికలు మేజర్. అమ్మమ్మల కుట్టుపని. వాటికోసం ఏడో విభాగం ఇంత హంగామా చేస్తుందని నేననుకోలేదు."

"గుడ్డపీలికలే అయితే, తగలబెట్టడానికి మీవాళ్ళు నిన్ను రెండేళ్ళు ఎందుకు పెంచారు?" అన్నాడు యరేమా.

ఆమె వంగి చెప్పులు విప్పి ఇచ్చింది. వాటిని ఒక పెన్షనరు దులిపి చంకలో పెట్టుకున్నాడు.

*

ఒంటిగంటకి కర్నల్ ఫోను చేశాడు. కోకిల విషయంలో రెండేళ్ళు మోసపోయింది తనే కాబట్టి గొంతు మామూలు కన్నా కటువుగా ఉంది. కీవ్ నుంచి దర్యాప్తు బృందం బయల్దేరుతోందని, వేలిముద్రలు, ఫొటోలు, నేల తవ్వకం అన్నీ ఉంటాయని, మ్యూజియాన్ని ఇప్పుడే పది రోజులపాటు మూసి సీలు వేయమని చెప్పాడు. రాతపూర్వక ఉత్తర్వు కూడా పంపాడు.

యరేమా ఆ ఉత్తర్వు తీసుకుని వెళ్ళాడు. మ్యూజియం ముందు బస్సుల వాళ్ళెవరూ వెళ్ళిపోలేదు. మెట్ల మీద వరసగా నిలబడి ఉన్నారు. ఎవరో చెర్రీ రసం కారుతున్న రొట్టెలు పంచుతున్నారు. లోపల జరిగింది ఈపాటికి అందరికీ తెలుసు. భయపడి వెళ్ళిపోతారనుకున్న జనం రెట్టింపయ్యారు. ఊళ్ళోవాళ్ళు కూడా, ఏళ్ళ తరబడి ఆ గుమ్మం తొక్కనివాళ్ళు కూడా, వచ్చి వరసలో నిలబడ్డారు.

పరాస్కా తెగిన గుండీ స్థానంలో పిన్నీసు పెట్టుకుని ఉంది. కళ్ళజోడు సర్దుకుని ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది. కీవ్ ముద్ర కూడా వేలితో తడిమి చూసింది. తర్వాత నాలుగు మడతలు పెట్టి జాగ్రత్తగా యరేమా చేతికిచ్చింది.

"మీ కర్నల్‌గారికి నా దండాలు చెప్పు నాయనా. ఈ మ్యూజియానికి సెలవు సోమవారం ఒక్కటే. ఇవాళ శనివారం."

తలుపు బార్లా తెరిచి, వరసలో మొదటి పదిమందిని లోపలికి పిలిచింది.

యరేమా మెట్లు దిగి కర్నల్‌కి ఫోను చేశాడు. ఆమె అన్నమాటలే ఉన్నవున్నట్టు చెప్పాడు. కర్నల్ నెచిపొరెంకో శత్రు గూఢచారుల్ని పదిహేడు మందిని పట్టించినవాడు, ఇద్దరు మంత్రుల్ని ఎదిరించినవాడు. అలాంటివాడు గొంతు సవరించుకుని, దర్యాప్తు సోమవారం పొద్దున్న మొదలవుతుందని రికార్డులో రాసుకోమన్నాడు.